జూబిలీ హాలులో గురువమ్మ అడిగిన ప్రశ్న

1887లో రాణిగారి జూబిలీ వచ్చినప్పుడు మా జిల్లాలోని కొన్ని ఊళ్ళు ఆ పేరు మీద ఏదో ఒకటి కట్టుకోవాలని తొందరపడ్డాయి. నేను ఉద్యోగం చేస్తున్న ఊరు టౌన్ హాలు కట్టుకుంది. తమిళ దేశపు మధురకు పడమరగా, పెరియకుళం పోయే బాటకు దగ్గరలో, కొండల కింద ఉన్న చిన్న ఊరది. దాని పేరు ఇక్కడ రాయను. ఈ సంగతిలో వచ్చేవాళ్ళ బిడ్డలూ మనవలూ ఇంకా అక్కడే కాపురం ఉంటున్నారు.

నేను సబ్-కలెక్టరు కచేరీలో ఇంటర్‌ప్రెటర్‌ని. దొర ఇంగ్లీషులో అన్నది జనానికి వాళ్ళ భాషలో చెప్పడం, జనం అన్నది దొరకు ఇంగ్లీషులో చెప్పడం నా పని. కుంపిణీ రోజుల్లో ఈ పనివాళ్ళను దుబాసీలు అనేవారు. మా తాత కుంపిణీ దొరల గుడారాల వెంట తిరిగి అదే పని చేశాడు. మాది కోయంబత్తూరు పక్కన తుడియలూరు దగ్గరి పల్లె. నాయకరాజుల కాలంలో దక్షిణానికి దిగివచ్చిన తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, మిషన్ బడిలో ఇంగ్లీషు. తెలుగు రాయడం పెద్దయ్యాక నా అంతట నేను నేర్చుకున్నాను. మూడు భాషలూ నోట్లోనే ఉన్నాయి కదా, కష్టం లేని ఉద్యోగమని మా బంధువులు అనుకునేవారు.

కష్టమంతా 'నేను' అనే మాటలో ఉంది. ఇంటర్‌ప్రెటర్ తన సొంత మాట కలపకూడదు, ఎదుటివాడి మాట విడవకూడదు. దొర "నేను ఒప్పుకోను" అంటే నేనూ "నేను ఒప్పుకోను" అనాలి. "దొర ఒప్పుకోడట" అనకూడదు. రైతు "నువ్వు అబద్ధాలకోరువి" అంటే దొర మొహం చూస్తూ ఇంగ్లీషులో ఆ మాటే అనాలి. రోజంతా ఇరుపక్కల కోపాలూ నా గొంతులోంచే పోయేవి. సాయంత్రానికి నాకంటూ మాట్లాడడానికి ఏమీ మిగిలేది కాదు. ఇంటికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంటే నా భార్య, "ఈ దినం ఎవురెవురుగా ఉండి వస్తిరి?" అని అడిగేది. ఆమెకు జవాబు చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

టౌన్ హాలు మాత్రం అందంగా కట్టారు. ఎత్తయిన కిటికీలు, టేకు తలుపులు, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన గారతో నునుపు చేసిన గోడలు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ గోడలకు చెయ్యి ఆనించి చూసి, చేతికి సున్నం అంటలేదని ఆశ్చర్యపోయేవారు. ముందు భాగంలో ఎత్తు మీద కౌన్సిల్ మెంబర్లకు కుర్చీలు, కింద జనానికి బల్లలు, పైన గుడ్డ పంకా. దాన్ని వరండాలో కూర్చున్న మనిషి తాడుతో లాగుతుంటాడు. ఇంత చేసి హాలుకు జనం పెట్టుకున్న పేరు రాణి కొట్టం. మా పక్క కొట్టం అంటే పశువులను కట్టేసే చోటు.

అప్పటి సబ్-కలెక్టరు కుర్రవాడు. కొండజ్వరం మనిషిని వదిలేది కాదు. అయినా మంచివాడే. తన దేశంలో ఊరి హాలులో జనం కూడి అధికారులను ప్రశ్నలు అడగడం చూశాడట. ఇక్కడా అలా జరగాలన్నాడు. దానికి పబ్లిక్ మీటింగ్ అని పేరు. ఎవరైనా లేచి అడగవచ్చు, మున్సిపల్ కౌన్సిల్ జవాబు చెప్పాలి. మొదటి మీటింగులలో దీపస్తంభాల గురించి, సంతలో బండ్లు నిలిపే చోటు గురించి అడిగారు. "మీ మనవి ఆలోచనలో ఉంది" అని జవాబు. నేను ఆ వాక్యాన్ని తమిళంలో ఎన్నిసార్లు అన్నానో! జనం నా మొహం చూసి, ఇతనే ఆలోచిస్తున్నాడు కాబోలు అనుకునేవారు. బజారులో ఆపి "ఏమి సామి, ఆలోచించితిరా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

హాలు తెరిచిన ఏడాదే ఐప్పసి నెల వానలు, అంటే దీపావళి రోజుల వానలు, గట్టిగా పడ్డాయి. హాలు వెనక తెలుగు రైతుల వీధి ఒకటి ఉండేది. కొండ నుంచి వచ్చే వాననీరు ఆ వీధి పక్క కాలువలో పారి, రోడ్డు కింద ఇటుకలతో కట్టిన తూములోంచి అవతలి పల్లపు చేలలోకి పోయేది. ఆ తూమును ఇంజనీర్లు కల్వర్టు అంటారు, ఊళ్ళో మదుగు అంటారు. ఆ ఏడు నీళ్ళు వచ్చేసరికి మదుగు మన్నుతో మూసి ఉంది. నీళ్ళు వెనక్కి తన్ని వీధిలో నిలిచాయి. అక్కడి ఇళ్ళన్నీ నల్లరేగడి మన్ను గోడలు. నాని నాని, ఒక పొద్దున చిన్నప్ప అనే రైతు ఎద్దులను విప్పడానికి వెళ్ళినప్పుడు కొట్టం గోడ అతని మీద పడింది. అతని భార్య గురువమ్మ.

ఆ తరువాత జరిగిన మీటింగుకు ఆమె వచ్చింది. అంతకుముందు ఆ హాలులో ఆడమనిషి లేచి మాట్లాడడం నేను చూడలేదు. తలుపు పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, తన వంతు వచ్చేదాకా ఎదురుచూసింది. వచ్చాక తమిళంలో మొదలుపెట్టింది. వీధి ఏదో, నీళ్ళు ఎక్కడిదాకా నిలిచాయో, పక్క ఇళ్ళవాళ్ళు సామాను ఎక్కడికి మోసుకున్నారో తడబడకుండా చెప్పింది. నేను ఇంగ్లీషు చేస్తూ పోయాను. గోడ దగ్గరికి వచ్చేసరికి ఆమె తమిళం ఆగిపోయింది. ఇంటి భాషలోకి దిగింది.

"ఎద్దులు విప్పను పోయె సామి. నేను లోపల కూడు వండుతా ఉంటి. సద్దం విని వస్తి. ఎద్దులు ఉండె, ఆయన లేదు."

కౌన్సిల్ సెక్రటరీ నా వైపు వంగి, "తమిళంలో చెప్పమనవయ్యా. ఇక్కడ తెలుగు చెల్లదు" అన్నాడు తమిళంలో.

ఆమె మాట మారడం దొర గమనించి, అది ఏ భాష అని నన్ను అడిగాడు.

"తెలుగండీ. మా ఇంటి భాష కూడా అదే" అన్నాను.

"అయితే ఇబ్బంది ఏముంది? కానివ్వండి" అన్నాడు.

గురువమ్మ నా వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. చాలా రోజులుగా నిద్ర లేని మొహం.

"మదుగు తెరిచి ఉంటే నీళ్ళు పోయి ఉండును. దాన్ని ఎవురు మూసిరి? నేను అడిగేది అది తా."

నేను ఇంగ్లీషులో అడిగాను. సెక్రటరీ దొర చెవిలో ఏదో చెప్పాడు. దొర తల ఊపి జవాబు ఇచ్చాడు. ఇంగ్లీషులో ఒక రకం వాక్యం ఉంది. అందులో పని జరుగుతుంది గానీ చేసినవాడు ఎక్కడా కనబడడు. దొర జవాబు ఆ రకమే. 'కల్వర్టును మూయుట అవసరమని భావించబడింది' అని తెలుగులోనూ కాగితం మీద రాయవచ్చు. కానీ మొగుడు పోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, నోటితో అలా అనడం ఎలా? మా ఇంటి తెలుగులో ఆ మాటలే లేవు. ఉన్నంతలో దగ్గరగా చెప్పాను.

"మూసేది అవసరం అని అనుకొనిరి అమ్మా."

"ఎవురు అనుకొనిరి?"

వెంటనే అడిగింది. తెలుగులో 'అనుకొనిరి' అంటే అనుకున్నవాళ్ళు ఉండాలి కదా. నేను ఆమె ప్రశ్నను దొరకు చేర్చాను. ఆయన మళ్ళీ సెక్రటరీ వైపు చూసి, అది కౌన్సిల్ వారి ఏర్పాటు అన్నాడు. అదీ చెప్పాను.

"కౌన్సిల్ అంటే మనిషి కాదు గదా సామి. అది మన్ను మోయునా? ఎవురో ఒకరు వచ్చి, ఇక్కడ పోయండి అని చెయ్యి చూపి ఉందురు గదా. అది ఎవురు?"

బల్లల మీద జనం కదిలారు. వెనక ఎవరో తమిళంలో "సరియాన కేళ్వి" అన్నారు, సరైన ప్రశ్నేనని. సెక్రటరీ విసుగ్గా నాతో, "సర్కారు మూసిందని చెప్పి కూర్చోపెట్టు. ఆమెకు బుద్ధి నిలకడగా లేదు" అన్నాడు.

పొద్దున్నించీ నిలబడే ఉన్నాను. సరేనని 'సర్కారు' అనేస్తే పని అయిపోయేది. సర్కారు అనే మాట వింటే మా వాళ్ళు మారు అడగరు. ఆమె వెళ్ళిపోయేది, మేమూ ఇళ్ళకు పోయేవాళ్ళం. కానీ చెప్పానుగా, విన్న మాట విడవకూడదన్నది మా పనిలో మొదటి నియమం. కోర్టులో అయితే దానికి ప్రమాణం కూడా చేయిస్తారు. నేను దొర వైపు తిరిగి, సెక్రటరీ గారు తమిళంలో ఇలా సెలవిస్తున్నారని ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో అన్నాను. తరువాత, "ఆమె ఇంకా అడుగుతున్నారు. మూసింది ఎవరు?" అన్నాను.

సెక్రటరీ కుర్చీలో వెనక్కి వాలాడు. నా ఉద్యోగం ఉంటుందా అని నాకు అప్పుడు తోచింది. దొర మొహం ఎర్రబడింది. నా మీద కోపమనుకున్నాను. ఆయన లేచి నిలబడి, కౌన్సిల్ మెంబర్ల వరుస వైపు తిరిగి, "అయ్యా, నాకూ తెలియదు. ఎవరు?" అని అడిగాడు. నేను తమిళం చేశాను.

ఒకాయన ఉత్తరీయం సర్దుకున్నాడు. ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. పంకా ఆగిపోయింది. దాన్ని లాగే మనిషి తాడు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి వింటున్నాడు.

వరుస చివరి నుంచి తిరుపతిసామి నాయకర్ లేచాడు. వాళ్ళ వంశానికి ఒకప్పుడు పాళెం ఉండేది. కుంపిణీ వారు కోట పడగొట్టాక చేలు మిగిలాయి. ఆయన చేతి మీదుగా అవి బాగా పెరిగాయి. హాలు కట్టిన స్థలం ఆయన ఇచ్చిందే. ఇంగ్లీషు రాదు కాబట్టి మీటింగులలో తల ఊపడం తప్ప ఆయన గొంతు నేను విన్నది లేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, తెలుగులో అన్నాడు.

"నేను తా కోడలా."

'నేను తా' అంటే మా పక్క 'నేనే' అని. ఆమె ఆయన కోడలు కాదు. ఆ వీధిలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ భార్యలను పిలిచే వరస అది.

"హాలు తెరిచే దినం మధుర నుంచి పెద్ద కలెక్టరు కోచ్ బండి వచ్చె గదా. మదుగు మీద రోడ్డు మెట్టగా ఉండె. బండి ఎగిరి పడును, మన ఊరికి మర్యాద తక్కువ అని నాకు తోచె. మెట్ట కొట్టేసి, మదుగులో మన్ను నింపి సమం చేయండి అని నేనే చెప్తి. పండగ అయినాక మళ్ళా తీయిస్తాము అనుకొంటి." ఇక్కడ ఆగి గురువమ్మ వైపు తిరిగాడు. "మరిచిపోతి. వాన వచ్చేవరకు నా మనసులోకే రాలే. వచ్చినాక, నేను తా అని చెప్పను నోరు రాలే."

ఇది ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. దొర ముందు నిలబడి, "నేనే మూయించాను. తరువాత తీయించాలనుకున్నాను. మరిచిపోయాను" అన్నాను. నా ఉద్యోగంలో వేల మనుషుల తరఫున 'నేను' అన్నాను గానీ, ఆ మాట నాలుక మీద అంత బరువుగా కూర్చోవడం అదొక్కసారే. పక్కన ఆ ముసలాయన నా నోటి వైపు చూస్తున్నాడు, తన మాట సరిగ్గా పోతోందా లేదా అని. ఇంగ్లీషు రాకపోయినా ఎక్కడ ఏ మాట వచ్చిందో ఆయనకు తెలుస్తున్నట్టే ఉంది.

గురువమ్మ ఆయననే చూస్తోంది.

"మరిచిపోతిరా మామా?"

"ఔను తల్లీ."

"సరి" అంది గురువమ్మ. కొంగు భుజం మీదికి లాక్కుని బయటికి వెళ్ళిపోయింది.

'సరి' అనే మాట తమిళంలోనూ మా తెలుగులోనూ ఒకటే. ఒప్పుకున్నానని, చాలని, తెలిసిందని, ఇక నీతో మాట లేదని, అన్నిటికీ అదే. దొర నన్ను "ఆమెకు తృప్తేనా?" అని అడిగాడు. అది నేను చెప్పగలిగింది కాదు. "ఆమె విన్నారండీ" అన్నాను.

మర్నాడే మదుగు తవ్వించారు. తిరుపతిసామి నాయకర్ తలకు గుడ్డ చుట్టుకుని, పని అయ్యేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాడు. ఆ వారంలోనే కౌన్సిల్ వదులుకున్నాడు. ఆయన కొడుకులు మాత్రం నాతో మాట్లాడడం మానేశారు. సొంత భాషవాడై ఉండి, ఇంటి మాటను తీసుకెళ్ళి దొరల ముందు పెట్టాడని నా మీద వాళ్ళ నింద. ఆయన చెప్పమన్నదే చెప్పానని ఒకరిద్దరితో అన్నాను. వినలేదు. పెళ్ళిళ్ళకు పిలుపులు తగ్గాయి. నా భార్య నన్ను ఏమీ అనలేదు గానీ, నీళ్ళకు వెళ్ళే వేళ మార్చుకుంది.

ఆ మీటింగులు కూడా నిలవలేదు. ప్రశ్నలు ముందుగా రాసి ఇవ్వాలని, అవి ఇంగ్లీషులోనే ఉండాలని కౌన్సిల్ కొత్త నియమం పెట్టింది. దొర ఒప్పుకోలేదు గానీ, జ్వరం ముదిరి ఆయనను కొండ మీది చల్లని విడిదికి, అక్కడి నుంచి వేరే జిల్లాకు పంపేశారు. తరువాత వచ్చినాయనకు ఇలాంటి వాటి మీద మనసు లేదు. హాలులో తేనీటి విందులు, వీడ్కోలు సభలు జరిగేవి. నేను వాటికీ వెళ్ళి, ఒకరు పొగిడింది ఇంకొకరికి చెప్పి వచ్చేవాణ్ణి.

తరువాత ఒక పత్తి కాలంలో, జమాబందీ శిస్తు లెక్కలకు దొర గుడారం వెంట వెళుతూ గురువమ్మ చేను పక్కగా పోయాను. ఆమె ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది. నన్ను గుర్తుపట్టి గట్టు దగ్గరికి వచ్చింది. ఊరి సంగతులు కొన్ని మాట్లాడాక, అడగకుండా ఉండలేక అడిగాను.

"పెద్దాయన మీ ఇంటికి వచ్చెనా అమ్మా?"

"వచ్చె. ఎద్దులు ఒక జత తోలుకొని వచ్చె. 'ఎద్దులు ఉండాయి మామా, అవి ఎప్పుడూ ఉండె' అంటి. తలకాయ దించుకొనె. ఎండన వచ్చిన మనిషి గదా, చిలికిన మోరు ఇస్తి. తాగి పోయె."

"మరి కోపం తగ్గెనా?"

ఆమె చేతిలోని పత్తికి అంటిన ఎండాకు ముక్కలు తీసేసింది.

"యాడ తగ్గును? ఆయన ఇప్పుడు కూడా మా వీదిలో నడవడు, సుట్టుకొని పోతాడు. నేనూ రమ్మని పిలవను. అయినా ఒకటి చెప్పేను నాయనా. ఎవురో తెలియనప్పుడు ఊరే చేసినట్టు ఉండె. ఆ హాలు చూస్తే ఒళ్ళు మండును. రోడ్డున పోయే బండి చూస్తే మండును. నాకు కూడు తెచ్చిపెట్టిన పక్కింటోళ్ళ మీద కూడా, వీండ్లకు తెలిసి ఉండునా అని సందేహం. ఇప్పుడు ఒక్క మనిషి. ఒక్క మనిషి మీద కోపం మోసుకొని పత్తి తీయొచ్చు. ఊరు మీద కోపం మోసుకొని తీసేదానికి కాదు."

ఇంత చెప్పి, ఎండ ఎక్కుతోంది, బయలుదేరమని నన్ను తొందరపెట్టి చాళ్ళలోకి వెళ్ళిపోయింది.

అంతదాకా నేను, ప్రశ్న అడిగితే ఏదో ఒక మేలు జరగాలని, జరగకపోతే ఆ అడగడం దండగని అనుకునేవాణ్ణి. అన్ని మీటింగులలో నేను అలసిపోయింది అందుకే. చేసినవాడెవరో తెలియడం ఒక్కటే కొందరికి కావలసిన జవాబని గురువమ్మ వల్ల తెలిసింది. ఆ తరువాత కచేరీలో గానీ కోర్టులో గానీ, పని ఉండి మనిషి లేని వాక్యం ఏ అధికారి నోట వచ్చినా, జనానికి చెప్పే ముందు ఆగి "ఎవరండీ?" అని అడిగేవాణ్ణి. కొందరు చెప్పేవారు. చాలామంది విసుక్కునేవారు. నన్ను మెచ్చి పై మెట్టు ఎక్కించిన దొర ఎవరూ లేరు. పింఛను తీసుకునేదాకా అదే కుర్చీలో ఉన్నాను. రోజూ అడగడం అలసటగానే ఉండేది. అయినా అడిగేవాణ్ణి.